ఉప్పు చూడని చెయ్యి

స్పెయిన్ దేశంలో వలెన్సియా అని ఒక ఊరుంది. ఆ ఊరి పక్కన సముద్రముంది. ఆ సముద్రం ఉప్పగా ఉండేదానికి కారణం మా ధర్మవరం వంటాయన కుళ్ళాయప్ప. అంతకు ముందు ఆ ఊరోళ్ళు ఆ నీళ్ళు చెంబులతో ముంచుకొని తాగేవాళ్ళంట. ఎండాకాలం మజ్జిగలో కూడా కలుపుకునేవాళ్ళంట. నమ్మకపోతే మీ ఇష్టం. నేను తొమ్మిదో తరగతిలో బడిని వదిలేసినాను, ఆ దెబ్బ నుంచి ఆ బడి ఇప్పటికీ కోలుకోలేదు. అంతటి వాడి మాట నమ్మకపోతే ఇంకెవరి మాట నమ్ముతారు మీరు?

కుళ్ళాయప్ప ఎవరో చెప్పాలంటే పెండ్లి పందిట్లోకి పోవాల్సిందే. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే ఇండ్లలో పెండ్లి కుదిరితే, లగ్నం పెట్టే అయ్యవారి కంటే ముందు కుళ్ళాయప్పకు తాంబూలం ఇచ్చేవాళ్ళు. అయ్యవారు దొరక్కపోతే ఇంకో అయ్యవారు. కుళ్ళాయప్ప దొరక్కపోతే లగ్నమే వెనక్కి జరపాల. పందిరి వెనక గాడిపొయ్యి తవ్వించి, దానికి పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి మొదటి కట్టె తోసినాడంటే ఇంక ఆ మనిషితో మాట్లాడేది లేదు. ఒళ్ళంతా చెమట, కండ్లు కొప్పెర మీద, తల చుట్టూ తుండుగుడ్డ. నేను వాళ్ళ జట్టులో వడ్డనకు ఉండేవాడిని. నన్ను ఆదెన్నా అని పిలిచేవాడు, పని తప్పు చేస్తే ఏమీ పిలిచేవాడు కాదు, తెడ్డు చూపించేవాడు.

ఆ ఇండ్లలో ఒక కట్టుబాటు ఉండేది. ఇప్పుడూ ఉంది. మొదటి ఇస్తరి ఇంటి దేవునికి. ఆ ఇస్తరిలో అన్నీ వడ్డించి, గంట కొట్టి, హారతి తిప్పేదాకా పొయ్యి మీద ఉడికింది ఏదీ ఎవరి నాలిక మీదా పడకూడదు. వండేవాడి నాలిక మీద అసలే పడకూడదు. పడితే అది ఎంగిలి. దేవునికి పెట్టేదానికి లేదు, మనుషులకు వడ్డించేదానికి లేదు.

మరి ఉప్పు ఎట్ల తెలుస్తుంది? చేతికి తెలుస్తుంది. కుళ్ళాయప్ప రాళ్ళుప్పు గుప్పిట పట్టి, వేళ్ళు కొంచెం వదిలి, గింజలు జారేటప్పుడు చూసేవాడు. అంతే. కొప్పెరెడు పప్పుచారుకు ఇన్ని గుప్పిళ్ళని ఎవరన్నా అడిగితే, "కొప్పెరను అడుగు" అనేవాడు. నేను చూస్తుండగా ఒక్కసారి కూడా తప్పలేదు. ఉప్పే ఆయన చేతిలో సిగ్గుపడి ఎంత పడాలో అంతే పడేదని నేను ఊరంతా చెప్పేవాడిని.

కానీ దీంట్లో ఒక సంగతి ఎవరూ ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు. బంతి మీద బంతి లేచి, చివరి బంతిలో చాకలోళ్ళు, మంగలోళ్ళు, మేళగాళ్ళు తినిపోయినాక, గిన్నెల అడుగున మిగిలింది కుళ్ళాయప్పకు. అప్పటికి చారు చల్లారి పైన తెట్టు కట్టేది, ఓళిగలు చెప్పు అట్టల్లాగా అయ్యేవి. మిగతా ఊరంతా వేడివేడిగా తిని మెచ్చుకున్న వంట ఎట్లుంటుందో, వండినోడికి మాత్రం తెలీదు.

*

రామదాసు సావుకారి సంగతి ఇప్పుడు. మా ఊర్లో పట్టుచీరల మీద ఆయన మాటే చెల్లుబాటు. ఇల్లు దాటితే పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడు. అనంతపురం పోయినా మూటలో సద్ది తీసుకొనే పోయేవాడు. అట్లాంటాయనకు పందొమ్మిదివందల డెబ్బై ఎనిమిదిలో స్పెయిన్ నుంచి పిలుపొచ్చింది. వలెన్సియాలో ఒక బట్టల దొర తన అంగడిలో మన చీరలు పరిచి చూపించాలని, అమ్ముడుపోతే ప్రతి ఏడూ తెప్పించుకుంటానని బొంబాయి ఏజెంటు ద్వారా కబురు పెట్టినాడు. సావుకారికి పోవాలనీ ఉంది, ఆకలికి భయమూ ఉంది. కుళ్ళాయప్పను పిలిపించినాడు.

"కుళ్ళాయప్పా, విమానం ఎక్కుతావా?"

"దాంట్లో పొయ్యి ఉంటాదా సావుకారీ?"

"ఉండదప్పా."

"మరి నాకేం పని దాంట్లో?"

"దిగినాక ఉంటాదిలే. నాకు నాలుగు మెతుకులు ఉడకేసి పెట్టేదానికి. నీ రుణం ఉంచుకోను."

కుళ్ళాయప్ప పెండ్లాం ఆంజినమ్మ ఈ మాట విని, "స్పెయిన్ అంటే యాడ? హిందూపురం దాటినాకనా?" అని అడిగింది. "దాటినాక కొంచెం ముందరికి," అన్నాడు కుళ్ళాయప్ప. ఆయనకు తెలిసింది కూడా అంతే.

బియ్యం, చింతపండు, ఊరగాయ జాడీ, కందిపప్పు, మిరపపొడి అన్నీ మూట కట్టినారు. రాళ్ళుప్పు మాత్రం మరిచినారు. ఉప్పు లేని ఊరుంటుందా అనుకున్నారు. అక్కడే తప్పింది తాళం.

*

వలెన్సియాలో బట్టల దొర తల్లి ఒకామె ఉంది, పేరు అంపారో. కుళ్ళాయప్ప ఆమెను అంపారమ్మ అంటాడు, నేనూ అట్లే అంటాను. ఊరి బయట నారింజ తోటలో ఇల్లు. మొగుడు పోయినాక, దేశాలు తిరిగే వాళ్ళకు తమ పాతకాలం వంటలు నేర్పించే పని పెట్టుకుంది. వచ్చినవాళ్ళు ఆమెతోపాటే కూరగాయలు తరగాల, కట్టెలు ఎగదోయాల, వండాల, కూర్చొని తినాల. అది చదువంట! మా బడిలో ఇట్లాంటి చదువు ఉండుంటే నేను ఇప్పటికి కలెక్టరు.

ఆమెకు సావుకారి బసలో ఒక వంటాయన ఉన్నాడని తెలిసింది. ఆయన్నీ పంపండి, మా వంట నేర్పిస్తానని కొడుకు చేత అడిగించింది. కుళ్ళాయప్ప రానన్నాడు. సావుకారే తోసినాడు.

"పోప్పా, ముసలామె సంతోషపడితే కొడుకు చీరలు తీసుకుంటాడు. ఆకు తరగలేవా, కాయలు తరగలేవా?"

"ఆడ మాంసం ఉడికిస్తారు సావుకారీ."

"నీకు వేరే పెనం పెట్టిస్తా. నేనూ వస్తా పద."

పోయినారు. ఇద్దరు జర్మనీ వాళ్ళు, ఒక ఇంగ్లీషు దొరసాని, పంచె మీద సావుకారి పాత కోటు తొడుక్కున్న మా కుళ్ళాయప్ప, పక్కన సావుకారి, బట్టల దొర. మధ్యలో మావాళ్ళ వచ్చీరాని హిందీ, ఆ ఊరి భాష రెండూ తెలిసిన బొంబాయి ఏజెంటు. ఇంటి వెనక నేల మీదే నారింజ కట్టెల మంట. దాన్ని చూసి కుళ్ళాయప్పకు ప్రాణం లేచొచ్చింది. "మన గాడిపొయ్యి తమ్ముడప్పా ఇది," అన్నాడు. మంట మీద ముక్కాలి పీట, పీట మీద లోతు లేని వెడల్పు పెనం. అంత వెడల్పు పెనం మీద మా ఊర్లో ఎద్దును పడుకోబెట్టొచ్చు.

ఆమె నేర్పించింది అన్నమే. పాయెయా అంటారంట. నూనెలో చిక్కుడుకాయలు, అనపగింజల మాదిరి లావు గింజలు, టమోటా, ఎర్రపొడి వేయించి, నీళ్ళు పోసి, కుంకుమపువ్వు వేసి, ఆ నీళ్ళు బాగా తెర్లినాక అందులో బియ్యం చల్లడం. చల్లినాక తెడ్డు ముట్టకూడదు. అడుగు కొంచెం మాడాల, ఆ మాడిన పెంకే వాళ్ళకు పాయసమంట.

కుళ్ళాయప్పకు మాంసం లేని పెనం వేరే పెట్టింది. అంతా బాగానే చేసినాడు. ఉప్పు దగ్గరికి వచ్చినాడు. అక్కడ ఉండేది పిండిలాగా మెత్తటి ఉప్పు. మన చెయ్యికి తెలిసింది రాళ్ళుప్పు. గుప్పిట పట్టినాడు, వేళ్ళు వదిలినాడు, ఆ పిండి ఎట్ల జారిందో ఆయనకే తెలీలేదు. అంపారమ్మ చెక్క గరిటె చేతికిచ్చి, నోరు చూపించి ఏదో అన్నది.

"రుచి చూడమంటోంది," అన్నాడు ఏజెంటు. "బియ్యం పోసే ముందర చూడకపోతే తర్వాత సరిచేసేదానికి కుదరదంట."

"దేవునికి పెట్టకుండా నేను చూడనని చెప్పు."

ఏజెంటు చెప్పినాడు. అంపారమ్మ చుట్టూ చూసి అడిగింది. "ఏ దేవునికి అంటోంది," అన్నాడు ఏజెంటు.

"పొయ్యి యాడుంటే ఆడుంటాడని చెప్పు."

ఆమె భుజాలు ఎగరేసింది. కుళ్ళాయప్ప బియ్యం పోసినాడు. పోసినాక ఇరవై ఏండ్ల అలవాటు ఊరుకుంటుందా, తెడ్డు పెట్టి గిరగిరా తిప్పినాడు. ఆమె అరిచేలోపల అన్నం సంగటి అయిపోయింది.

వడ్డించినారు. జర్మనీ ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని కూజా ఎత్తినాడు, కూజా అయిపోయేదాకా దించలేదు. ఇంగ్లీషు దొరసాని తోటలోకి పోయింది, చాలాసేపు రాలేదు. మిగిలింది ఎవరు ముట్టినారు? అందరూ కలిసి మోసుకొనిపోయి సముద్రంలో పోసినారని నేను చెప్తాను. అట్ల మొదలైంది ఆ నీళ్ళకు ఉప్పు.

బట్టల దొర మాత్రం పొట్ట పట్టుకొని నవ్వినాడు. ఆ నవ్వు చూసి రామదాసు సావుకారి మొహం వంకాయ అయింది. "నీ మంచితనం మండిపోను, పరువు తీసినావు కదప్పా," అన్నాడు తెలుగులో.

అంపారమ్మ నవ్వలేదు. పెనం కడిగించి మళ్ళీ పెట్టింది. కుళ్ళాయప్పను పక్కనే నిలబెట్టి మళ్ళీ వండింది. నీళ్ళు తెర్లుతుండగా గరిటెతో ముంచి, ఊది, తను కొంచెం తాగి, అదే గరిటె ఆయన పెదాల కాడికి తెచ్చింది. కుళ్ళాయప్ప నోరు మూసుకున్నాడు. ఆమె గరిటె దించలేదు. అందరూ చూస్తున్నారు.

"తాగప్పా," అన్నాడు సావుకారి పండ్ల మధ్యలోంచి. "ఈడ మన దేవుడు లేడులే. తాగు."

తాగినాడు.

ఈ సంగతి కుళ్ళాయప్ప నాకు ఒక్కసారే చెప్పినాడు, ఒక పెండ్లిలో కొప్పెర తోముతా. "వేడిగా ఉండాది ఆదెన్నా. శానా వేడిగా. ఒక పక్క టమోటా పులుపు, ఒక పక్క పొగ వాసన, ఇంకా బియ్యం పడలా, ఉప్పు కొంచెం ఎక్కువే. ఆ ఎక్కువ బియ్యం లాగేసుకుంటాదని ఆమె చూపించె. పొయ్యి మీద ఉన్నప్పుడు వంట అట్లుంటాదని నాకు ఆ పొద్దే తెలిసింది. ఇన్నేండ్లు నేను వండింది ఏందో నాకు తెలీకుండానే వండితినప్పా."

అని బూడిద వేసి తోముతానే ఉన్నాడు.

ఆ తర్వాత వలెన్సియాలో ఉన్నన్ని రోజులూ సావుకారికి పొద్దున అన్నం పెట్టి, కుళ్ళాయప్ప నేరుగా అంపారమ్మ ఇంటికి పోయేవాడు. భాష లేదు. ఆమె గరిటె అందిస్తుంది, ఈయన తాగుతాడు, తల ఊపుతాడు, లేదంటే మొహం చిట్లిస్తాడు. అదే పాఠం. చీరలు అమ్ముడుపోయినాయి. సావుకారికి రావలసింది వచ్చింది.

*

వాళ్ళు తిరిగొచ్చిన రోజు ధర్మవరం రైలు స్టేషనులో మేళం పెట్టించినాను, నేనే. పూలదండ కూడా వేయించినాను. అప్పట్నించి ఆయన పేరు స్పెయిన్ కుళ్ళాయప్ప. ఆడ గాడిద మాంసం తిన్నాడని ఒకడు, దొరసానిని కట్టుకొని వచ్చినాడని ఒకడు. సావుకారే నడుం కట్టుకొని ఊరంతా చెప్పినాడు: "నా కండ్ల ముందరే ఉండాడప్పా, కట్టు తప్పలేదు." ఆ మాటకు ఎదురులేదు. పెండ్లి పిలుపులు ఇంకా పెరిగినాయి.

కట్టు తప్పింది ఇంట్లోనే. పొయ్యి కాడ గరిటె పెట్టి చూసేవాడు. ఆంజినమ్మ ఎగతాళి చేసేది: "పెండ్లైన కాడ్నించి నా కూర బాగుందని గానీ బాగలేదని గానీ అన్నోడివి కాదు. ఇప్పుడు రోజూ నా కూరకు పరీక్ష పెడ్తాండావే!" "అప్పుడు తెలీదులేమ్మే," అనేవాడు. పందిట్లో మాత్రం మునపటి మాదిరే. నోరు బిగబట్టి, చేత్తో ఉప్పు. కానీ నేను చూసేవాడిని. కొప్పెర తెర్లుతున్నప్పుడు గరిటె పట్టుకున్న చెయ్యి దానంతట అది కొంచెం పైకి లేచేది. మళ్ళీ దించేవాడు.

ఎనభైల మధ్యలో వానలు ముఖం చాటేసినాయి. మా పక్క వాన పడకపోవడం కొత్త కాదు, కానీ అప్పుడు మబ్బు కూడా అప్పుగా తెచ్చుకోవాల్సి వచ్చింది. బుడ్డల పంట, అదే వేరుశనగ, నేలలోనే పొట్టు అయిపోయింది. ఊర్లో బావులు అడుగు తేలినాయి. బోర్లలో నీళ్ళు లేవు, ఉన్నచోట నోట్లో పెట్టుకుంటే చవుడు.

ఆ ఏడే రామదాసు సావుకారి చిన్నకూతురి పెండ్లి. మగపెండ్లివాళ్ళు హిందూపురం నుంచి. పెండ్లికొడుకు అవ్వ వెంకటలక్ష్మమ్మ, ఆచారమంటే ప్రాణం. మడిబట్ట తగిలిందని సొంత కొడుకు చేత కూడా మళ్ళీ స్నానం చేయించే రకం. వంటకు తాంబూలం ఎవరికి? ఇంకెవరికి.

నీళ్ళు ట్యాంకరుతో వచ్చినాయి. గార్లదిన్నె పక్క ఏదో తోట బోరు నుంచి. కుళ్ళాయప్ప చెంబుతో ముంచి ఒక గుక్క తాగి, ఉమ్మినాడు. నా చేతికిచ్చినాడు. నేనూ తాగినాను. చెమట పట్టిన పైటకొంగు పిండినంత ఉప్పు.

"ఇప్పుడు ఉప్పు ఎంతన్నా?" అన్నాను.

"అదే," అన్నాడు. "పప్పు ఉడికేకొద్దీ నీళ్ళు ఇగురుతాయి. ఇగిరేకొద్దీ ఉప్పు పెరుగుతాది. ఎంత పెరుగుతాదో చెయ్యికేం తెలుసు?"

సావుకారి దగ్గరికి పోయినాడు. నేను వెనకే.

"సావుకారీ, నీళ్ళు బాగలేవు. ఒక్క చుక్క నాలిక మీద వేసి చూడనీ. లేకుంటే దేవుని ఇస్తరి కొంచెం ముందర పెట్టించు, ఆమీట చూసి సరిచేస్తా."

"ఇస్తరి తాళి కట్టినాకే. అయ్యవారు చెప్పినాడు," అన్నాడు సావుకారి. "నీ చెయ్యి తప్పదని ఊరంతా చెప్పుకున్నా. ఈ పొద్దు నోరు పెడ్తానంటావేమప్పా? ఆ ముసలామె ఉండాది. గమ్మున పోయి వండు."

వచ్చినాడు. పొయ్యి ముందర నిలబడినాడు. రెండు కొప్పెరలు తెర్లుతున్నాయి, ఒకటి పప్పుచారు, ఒకటి వంకాయ పులుసు. పందిట్లో మంగళవాద్యం. బయట చింతచెట్ల కింద మా ఊరి ఆడోళ్ళు ఖాళీ బిందెలు పెట్టుకొని కూర్చున్నారు, ట్యాంకరులో ఏమన్నా మిగిలితే పట్టుకుందామని. కుళ్ళాయప్ప గుప్పిట ఉప్పు పట్టి, కొంచెమే వదిలి, మిగతాది మళ్ళీ డబ్బాలో వేసినాడు. మళ్ళీ పట్టినాడు. మళ్ళీ వేసినాడు.

చేతిలో చుక్క వేసుకొని నాకినా ఎవరూ గుర్తుపట్టేవాళ్ళు కాదు. అరచెయ్యి వేరు, గరిటె వేరు. కానీ ఆయనకు నేర్పింది అంపారమ్మ. పప్పుచారులో గరిటె ముంచినాడు, ఊదినాడు, పెదాలు ఆనించి తాగినాడు. కండ్లు మూసుకున్నాడు. ఒక క్షణం ఆ మనిషి మొహంలో భయం లేదు. చింతపండు పిసికి పోసినాడు, బెల్లం గడ్డ వేసినాడు, అదే గరిటెతో కలిపినాడు, మళ్ళీ ముంచి తాగినాడు.

"కుదిరిందప్పా," అన్నాడు, నవ్వి.

తిరిగి చూస్తే వెంకటలక్ష్మమ్మ వెనకే నిలబడి ఉంది.

"ఏమప్పా వంటాయనా," అన్నది. గొంతు పెంచలేదు కూడా. "దేవునికన్నా నీకే ముందర ఆకలైనట్లుంది."

ఆ తర్వాత ఆమె గొంతు పెంచింది. మేళం ఆగిపోయింది. మగపెండ్లివాళ్ళు, ఆడపెండ్లివాళ్ళు అందరూ పొయ్యి చుట్టూ చేరినారు. "గరిటె ఎంగిలి చేసి మళ్ళీ కొప్పెరలో ముంచినాడు, నా కండ్లతో చూసినాను," అన్నది ఆమె. "ఇట్లాంటి ఇంటి నుంచి పిల్లను తీసుకుంటామా? రామదాసు, ఇది మీ ఇంటి ఆచారమా?"

సావుకారి జనాన్ని తోసుకొని కుళ్ళాయప్ప మీదికి వచ్చినాడు.

"రామ రామ! ఏమిరా ఇది? ఈ పాడు బుద్ధి యాడ నేర్చుకొని వచ్చినావురా?"

కుళ్ళాయప్ప ఆయన మొహంలోకి చూసినాడు. 'చెప్పన్నా, తాగమన్నది నువ్వే, ఆ దేశంలో మన దేవుడు లేడన్నది నువ్వే అని చెప్పన్నా,' అని నేను లోపల అరుస్తున్నాను. ఒక్క మాట చాలు. కుళ్ళాయప్ప గరిటెను పొయ్యి గట్టు మీద పెట్టినాడు. తల గుడ్డ విప్పి భుజం మీద వేసుకున్నాడు. "పొరపాటైంది," అన్నాడు. అంతే.

పప్పుచారు పారబోయమన్నారు. నేనూ, ఆయన కింద పనిచేసే హనుమంతప్పా కొప్పెర చెవుల్లో బొంగులు దూర్చి ఎత్తి, కంచె పక్కన గుంత కాడికి మోసుకొనిపోయినాము. పొగలు కక్కుతా ఉంది, తాళింపు వాసనకు కంచె అవతల కుక్కలు కూడా లేచినాయి. బిందెల ఆడోళ్ళలో ఒకామె లేచింది.

"అన్నా, పారబోసే బదులు మా బిందెలో పోయండన్నా. ఎంగిలైతే మాకేం, కడుపుకేం తెలుసు?"

హనుమంతప్ప నా వంక చూసినాడు. వెంకటలక్ష్మమ్మ గుమ్మంలోంచే, "ఎంగిలి పెట్టిన పాపం మా పెండ్లికి చుట్టుకుంటుంది, పోయద్దు," అన్నది. గుంతలో పోసినాము. ఆ ఎండిన నేల దాన్ని మింగినంత తొందరగా ఏ బంతీ మింగడం నేను చూడలేదు. ఆ ఆడోళ్ళు చూస్తూనే ఉన్నారు.

మళ్ళీ పప్పుచారు హనుమంతప్ప పెట్టినాడు. రుచి చూడలేదు, కట్టు తప్పలేదు. గురువు చెయ్యి ఎట్ల పట్టేదో అట్లే నిండు గుప్పిట పట్టి వేసినాడు. ఆ రోజు వంట సంగతి నన్ను అడగండి, వడ్డించింది నేను. మొదటి ముద్దకే పెద్దమనుషుల చెవులు కదిలినాయి. సావుకారి కండ్లలో నీళ్ళు తిరిగినాయి, కూతుర్ని పంపించే బాధ అనుకున్నారు. వెంకటలక్ష్మమ్మ ఇస్తరి ఖాళీ చేసి, "ఇదీ వంటంటే," అన్నది, చెంబు నీళ్ళు ఎత్తింది, ఆ నీళ్ళూ ఉప్పే. ఒక్కరు కూడా ఉప్పెక్కువైందని అనలేదు. శుద్ధంగా వండింది కదా.

*

ఆ తర్వాత ఏముంది. ముందర మా ఊర్లో, తర్వాత చుట్టుపక్కల, పెండ్లి పిలుపులు ఆగిపోయినాయి. యాడికి ఊరి పక్క నుంచి ఒకాయన, ఈ సంగతి ఇంకా చేరని మనిషి, గృహప్రవేశానికని తాంబూలం ఇచ్చిపోయినాడు. ఆ తాంబూలాన్ని ఆంజినమ్మ దేవుని పటం ముందర పెట్టింది. వక్క ఇంకా అట్లే ఉండగా ఆయన మనిషి వచ్చినాడు. "వేరే వాళ్ళను మాట్లాడుకున్నారంటప్పా. టెంకాయ వెనక్కి ఇయ్యమన్నారు," అన్నాడు నేల చూస్తా. ఆంజినమ్మ ఇవ్వనన్నది. కుళ్ళాయప్పే తీసి ఇచ్చినాడు, ఆకులు కూడా లెక్క తప్పకుండా పేర్చి ఇచ్చినాడు.

నేను రామదాసు సావుకారి ఇంటికి పోయినాను. "ఆ దేశంలో తాగమన్నది నువ్వే కదన్నా, ఒక్క మాట చెప్పరాదా నలుగురిలో," అన్నాను. ఆయన చీర మడత పెడుతున్నాడు. "ఆదెన్నా, కూతురు ఆ ఇంట్లో కాపురం చేయాల కదప్పా," అన్నాడు. మడత మళ్ళీ సరిచేసినాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. అదే నాకు మండింది.

హనుమంతప్పకు ఇప్పుడు ఊపిరాడని పని. స్పెయిన్ కుళ్ళాయప్ప శిష్యుణ్ణని చెప్పుకోడు, చెప్పుకుంటే పిలవరు.

కుళ్ళాయప్ప, ఆంజినమ్మ రాప్తాడు చేరినారు, ఆమె పుట్టినూరు. రోడ్డు పక్కన పూరిపాకలో కొట్టు, బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. వండేది ఆంజినమ్మ. ఆయన కట్టెలు కొడతాడు, నీళ్ళు మోస్తాడు, గ్లాసులు కడుగుతాడు. లారీ డ్రైవర్లకు ఎవరు ముందర రుచి చూసినారని పట్టింపు లేదు, అయినా ఆయన గరిటె ముట్టడు. ఆంజినమ్మ ఒక్కోసారి గరిటె ముంచి ఆయన ముందర పెడుతుంది, ఉప్పు చూడు అని. "నువ్వే చూసుకోమ్మే," అంటాడు.

మొన్న అక్కడికి పోయినాను. ఒక డ్రైవరు బజ్జీ కొరుకుతా, ఈ పెద్దాయన ఎవరు, అంత మౌనంగా ఉన్నాడే అని అడిగినాడు. అడిగినాక నేను ఊరుకుంటానా. వలెన్సియా చెప్పినాను, సముద్రం చెప్పినాను, పెండ్లి చెప్పినాను. ఆఖరికి వచ్చేసరికి నాకే కడుపు మండి, కొంచెం దిద్దినాను: "ఆ తర్వాత సావుకారి కారేసుకొని వచ్చి కాళ్ళు పట్టుకున్నాడప్పా ఈయనవి. నిండు తాంబూలం, పట్టుపంచె తెచ్చినాడు. మాయన్న రోషగాడు, నీ ఇంట్లో ఇంక పొయ్యి వెలిగించనని మొహం మీదే చెప్పి, ఆ పొద్దే గరిటె ఇడిసేసినాడు. ఇప్పటికీ వాళ్ళు మనుషులను పంపిస్తానే ఉన్నారు."

డ్రైవరు నోరు తెరిచి కుళ్ళాయప్ప వైపు చూసినాడు. ఆయన గ్లాసు తొలిచి, బోర్లించి, చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"రోషమూ లేదు, ఏమీ లేదప్పా. సావుకారి రాలేదు. మళ్ళీ ఎవురూ పిలవలేదు, అంతే."